పక్క టీమ్ కోడ్‌లో మార్పు చెయ్యాల్సి వస్తే ఎలా చెయ్యాలి

మీ ఫీచర్ మొత్తం అయిపోయింది, ఒక్క ఫీల్డ్ మాత్రం పక్క టీమ్ సర్వీస్ నుంచి రావాలి, అడిగితే "మా స్ప్రింట్ ఫుల్ అండీ, వచ్చే క్వార్టర్‌లో చూద్దాం, అర్జెంట్ అయితే మీరే పీఆర్ పెట్టండి మేం రివ్యూ చేస్తాం" అంటారు. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఆఫీసులో అయినా ఈ మాట విననివాళ్ళు ఉండరు. పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్, మనం రాసిన మార్పుని చూసి ఒప్పుకోమని కోడ్ ఓనర్లకి పంపడం. మీరే పెట్టండి అనేస్తారు గానీ ఎలా పెట్టాలో ఎవరూ నేర్పరు, కాలేజీలో ఎలాగూ చెప్పరు, చేరిన కొత్తలో ట్రైనింగ్‌లో కూడా మన సొంత రెపో (టీమ్ కోడ్ ఉండే చోటు) గురించే చెప్తారు. మంచి కోడ్ రాసే పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే వారాలకి వారాలు ఇరుక్కుపోవడం చూస్తున్నా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మొదట ఒకటి మనసులో పెట్టుకోండి, మిగతావన్నీ దీన్నుంచే వస్తాయి. మార్పు మెర్జ్ అయిన రోజు, అంటే వాళ్ళ కోడ్‌లో కలిసిన రోజు, మీ టికెట్ క్లోజ్ అవుతుంది, వాళ్ళకి మాత్రం ఆ రోజు నుంచే మొదలు. ఆ కోడ్ రాత్రి రెండింటికి పడిపోతే నిద్ర లేచేది వాళ్ళ ఆన్‌కాల్ మనిషి, అంటే అలర్ట్ వస్తే చూసే డ్యూటీలో ఉన్నవాళ్ళు. ఏడాది తర్వాత డేటాబేస్ మార్చాలంటే మీ ఫీల్డ్‌ని కూడా మోసుకెళ్ళాల్సింది వాళ్ళే, అప్పటికి మీరు ఇంకో టీమ్‌లోనో ఇంకో కంపెనీలోనో ఉంటారు. కాబట్టి కోడ్ పనిచేస్తే చాలదు, మీరు పక్కన లేకపోయినా వాళ్ళు దాన్ని చదివి అర్థం చేసుకుని అవసరమైతే ఆపెయ్యగలిగేలా ఉండాలి.

ముందు ఓనర్ ఎవరో కనుక్కోండి

గిట్‌హబ్ వాడుతుంటే ఏ కోడ్ ఎవరిదో రాసి ఉండే కోడ్‌ఓనర్స్ అనే ఫైల్ చూడండి, రెపో రూట్‌లోనో, డాక్స్ ఫోల్డర్‌లోనో, డాట్ గిట్‌హబ్ ఫోల్డర్‌లోనో ఉంటుంది, 2017 నుంచి ఈ సౌకర్యం ఉంది. చాలామంది పైనుంచి చదువుతూ మ్యాచ్ అయిన మొదటి లైన్ దగ్గర ఆగిపోతారు, కానీ మన ఫైల్‌కి మ్యాచ్ అయ్యే లైన్లలో అన్నిటికన్నా కింద ఉన్నదే చెల్లుతుంది, అందుకని కింద నుంచి పైకి చదవండి. ఆ ఫైల్ పాతబడిపోయి ఉండొచ్చు కూడా, టీమ్‌లని మార్చే రీఆర్గ్ అయ్యి టీమ్ పేరు మారిపోయి, అందులో ఉన్న గ్రూప్‌లో ఇప్పుడు ఒక్కళ్ళే మిగిలి ఉంటారు, ఆయన లాంగ్ లీవ్‌లో ఉంటాడు.

అప్పుడు గిట్ హిస్టరీలోకి వెళ్ళాలి. గిట్ బ్లేమ్ కొడితే ఆ లైన్ చివరగా ముట్టుకున్న మనిషి పేరు వస్తుంది, అది చాలాసార్లు కోడ్ స్పేసింగ్ సర్దే ఫార్మాటర్ రన్ చేసిన పాపానికి దొరికిన వాళ్ళ పేరే అయ్యుంటుంది. ఫార్మాటింగ్ కమిట్లని (కమిట్ అంటే గిట్‌లో నమోదైన ఒక్కో మార్పు) వదిలేసి బ్లేమ్ చూపించే ఆప్షన్ 2019లో గిట్ 2.23తో వచ్చింది, రెపోలో ఆ లిస్ట్ పెట్టి ఉంటే అది వాడండి. అంతకన్నా నాకు బాగా పనికొచ్చేది గిట్ లాగ్‌కి ఉన్న క్యాపిటల్ ఎస్ ఆప్షన్, ఒక ఫంక్షన్ పేరో ఫీల్డ్ పేరో ఇస్తే ఆ మాట కోడ్‌లోకి ఏ కమిట్‌లో వచ్చిందో ఏ కమిట్‌లో పోయిందో చూపిస్తుంది, ఆ కమిట్ నుంచి పాత పీఆర్‌కి వెళ్తే అక్కడి వాదనలన్నీ దొరుకుతాయి, ఎందుకు అలా రాశారో అక్కడే తెలుస్తుంది. ఇంకో చిట్కా, పీఆర్‌లు రాసినవాళ్ళ కన్నా ఈ మధ్య వాటిని రివ్యూ చేసినవాళ్ళ పేర్లు చూడండి. ఆ కోడ్ బాధ్యత నిజంగా ఎవరి మీద ఉందో రివ్యూలు చెప్పేస్తాయి. లినక్స్ కెర్నల్ అంత పెద్ద ప్రాజెక్ట్‌లో కూడా ఎవర్ని అడగాలి అన్నది జనాల జ్ఞాపకానికి వదిలెయ్యలేదు, మెయింటెయినర్స్ అని ఒక ఫైల్, మన ప్యాచ్ ఎవరికి పంపాలో చెప్పే గెట్ మెయింటెయినర్ అనే స్క్రిప్ట్ పెట్టుకున్నారు.

కోడ్ కంటే ముందు మెసేజ్

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. ఫీచర్ మొత్తం రాసేసి, రెండు వేల లైన్ల పీఆర్ తీసుకెళ్ళి "అన్నా, చిన్న పీఆరే, కాస్త అప్రూవ్ కొట్టెయ్" అంటారు. అద్దింట్లో మేకు కొట్టాలన్నా ఓనర్‌ని ఒక మాట అడుగుతాం కదా. రాసేశాక అడిగితే వాళ్ళకి రెండే దారులు, ఇష్టం లేకపోయినా ఒప్పుకోవడం లేదా మీ రెండు వారాల కష్టాన్ని చెత్తబుట్టలో వెయ్యడం. ఏది జరిగినా తర్వాతి సారి మీ పేరు చూడగానే వాళ్ళ మొహం మారిపోతుంది.

మెసేజ్ కూడా "హాయ్" అని కొట్టి అవతలివాళ్ళు పలికేదాకా ఆగకండి. ఓనర్ టీమ్ సియాటిల్‌లోనో బే ఏరియాలోనో ఉంటే ఎండాకాలంలో మనకీ వాళ్ళకీ పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు తేడా. మీరు సాయంత్రం ఆరింటికి హాయ్ అంటే అక్కడ తెల్లారుజామున ఐదున్నర. వాళ్ళు లేచి "హలో, చెప్పండి" అనేసరికి మీరు రాయదుర్గం మెట్రోలో ఇంటికి పోతుంటారు, మర్నాడు పొద్దున మీరు విషయం చెప్పేసరికి వాళ్ళకి రాత్రి అయిపోతుంది. ఒక్క ప్రశ్నకి రెండు రోజులు. అందుకే మొదటి మెసేజ్‌లోనే అన్నీ ఉండాలి, చదివినవాళ్ళు ఇంకేం అడక్కుండా అవును కాదు చెప్పగలగాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం, ఇదే చివరిదాకా వాడతాను. మీరు డెలివరీ టీమ్, అడ్రస్ సర్వీస్ వేరే టీమ్‌ది. మన ఊళ్ళో ఇంటి నంబర్ పట్టుకుని ఇల్లు దొరకదని మీకు తెలుసు, 8-3 అని మొదలై ఒకదాని మీద ఒకటి స్లాష్‌లతో పోతుంది, పక్కింటి నంబర్‌కీ దానికీ సంబంధం ఉండదు, అందరం "పెద్దమ్మ గుడి వెనక గల్లీ, ట్రాన్స్‌ఫార్మర్ ఎదురుగా" అనే చెప్తాం. అడ్రస్ సర్వీస్ డిజైన్ చేసినవాళ్ళకి అది తెలీదు, లైన్ వన్, లైన్ టూ, సిటీ, పిన్ కోడ్ పెట్టి వదిలేశారు. మీకు ల్యాండ్‌మార్క్ అని ఒక ఫీల్డ్ కావాలి. మెసేజ్ ఇలా ఉంటే బావుంటుంది:

"హాయ్ అండీ, నేను డెలివరీ టీమ్ నుంచి. అడ్రస్ సర్వీస్‌లో ల్యాండ్‌మార్క్ అని ఒక ఆప్షనల్ ఫీల్డ్ కావాలి. హైదరాబాద్‌లో రైడర్లు ఇల్లు దొరక్క కస్టమర్లకి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, ఆ టికెట్ లింక్ కింద పెట్టాను. నాకు రెండు దారులు కనపడుతున్నాయి, మీ టేబుల్‌లో కొత్త కాలమ్ పెట్టడం, లేదా మా దగ్గరే అడ్రస్ ఐడీకి ల్యాండ్‌మార్క్ దాచుకోవడం. మొదటిదైతే మిగతా టీమ్‌లకీ పనికొస్తుందని అనుకుంటున్నా. కోడ్, టెస్టులు నేనే రాస్తాను, లాంచ్ అయ్యాక వచ్చే బగ్స్ కూడా మేమే చూస్తాం. ఈ దారి మీకు ఓకేనా, నేను చూడని ఇబ్బంది ఏమైనా ఉందా? గురువారం లోపు చెప్తే శుక్రవారం డిజైన్ నోట్ పంపిస్తాను."

ఇందులో మీ బాధ ఉంది, రెండో దారి ఉంది అంటే వాళ్ళు వద్దంటే మీరు చచ్చిపోరు అని తెలుస్తుంది, పని ఎవరు చేస్తారో ఉంది, తర్వాత ఎవరు చూస్తారో ఉంది, డేట్ ఉంది. "నేను చూడని ఇబ్బంది ఏమైనా ఉందా" అన్న ప్రశ్నని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తియ్యకండి, ఎందుకంటే మీ టైమ్‌ని అన్నిటికన్నా ఎక్కువ కాపాడే జవాబు దానికే వస్తుంది.

ఒక్క ఫీల్డే కదా అనుకోకండి

ఆప్షనల్ ఫీల్డ్ ఒకటి పెడితే ఏం పోతుంది అనిపిస్తుంది. చూడండి ఏం పోతుందో.

ఆ సర్వీస్‌లో ఒకే అడ్రస్ రెండుసార్లు సేవ్ అవ్వకుండా ఒక హ్యాష్ (డేటాకి వేలిముద్ర లాంటి కోడ్) ఉందనుకోండి, అడ్రస్ ఆబ్జెక్ట్ మొత్తాన్ని జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చి దాని మీద హ్యాష్ కడతారు. మీరు క్లాస్‌లో ల్యాండ్‌మార్క్ పెట్టారు, హ్యాష్ రాసిన ఫైల్‌ని మీరు ముట్టుకోనే లేదు, కానీ ఇప్పుడు జేసన్‌లో "ల్యాండ్‌మార్క్: నల్" అని (నల్ అంటే ఖాళీ) ఒక కొత్త ముక్క చేరింది. అంతే, పాత హ్యాష్‌లేవీ కలవవు. పదేళ్ళుగా ఒకే ఇంటికి ఆర్డర్ చేస్తున్న కస్టమర్ కూడా సిస్టమ్‌కి కొత్త అడ్రస్ పెట్టినట్టే కనపడతాడు. ఫ్రాడ్ టీమ్ మోడల్‌కి కొత్త అడ్రస్ అంటే అనుమానం, క్యాష్ ఆన్ డెలివరీ ఆపేస్తుంది. మీ డిఫ్‌లో, అంటే మారిన లైన్ల లిస్ట్‌లో, ఒక్క లైన్, టెస్టులన్నీ గ్రీన్, రెండు టీమ్‌ల అవతల సేల్స్ పడిపోతాయి. ఇది ఆ రెపోలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి నోటి మీద ఉంటుంది, బయటివాళ్ళకి ఎంత తెలివి ఉన్నా డిఫ్ చూసి కనపడదు.

గూగుల్‌లో పనిచేసిన ఇంజినీర్ హైరమ్ రైట్ పేరు మీద ఒక సూత్రం ఉంది, ఒక ఏపీఐని (వేరే ప్రోగ్రామ్‌లు మన కోడ్‌ని పిలిచే దారి) వాడేవాళ్ళు బాగా ఎక్కువైతే మీరు డాక్యుమెంట్‌లో ఏం రాశారన్నదాంతో పని లేదు, బయటికి కనపడే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడి ఉంటారు అని. అందుకే ఆ ఫంక్షన్‌ని, ఆ ఎండ్‌పాయింట్‌ని ఎవరెవరు పిలుస్తున్నారో కంపెనీ మొత్తం కోడ్ సెర్చ్‌లో వెతకండి, యాక్సెస్ లాగ్స్‌లో క్లయింట్ పేర్లు చూడండి. తీసుకునేవాళ్ళు కొత్త ఫీల్డ్ వస్తే తట్టుకుంటారా అని కూడా చూడాలి. జావాలో జేసన్ చదివే జాక్సన్ లైబ్రరీ 2వ వెర్షన్ వరకు డిఫాల్ట్‌గా తనకి తెలీని ఫీల్డ్ వస్తే ఎర్రర్ కొడుతుంది, జావా సర్వీసులు రాయడానికి వాడే స్ప్రింగ్ బూట్ మాత్రం ఆ సెట్టింగ్‌ని ఆఫ్ చేసి ఇస్తుంది, అంటే స్ప్రింగ్ బూట్ సర్వీసులన్నీ హాయిగా ఉంటాయి, జాక్సన్‌ని సొంతంగా పెట్టుకున్న ఏదో పాత బ్యాచ్ జాబ్ ఒక్కటి రాత్రి కూలిపోతుంది.

డేటాబేస్ దగ్గర కూడా జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 11వ వెర్షన్ ముందు వరకు డిఫాల్ట్ వాల్యూతో కాలమ్ కలిపితే టేబుల్ మొత్తం మళ్ళీ రాసేది, ఇప్పుడు మామూలు డిఫాల్ట్‌లకి ఆ బాధ లేదు, కానీ కాలమ్ కలిపే ఆ ఆల్టర్ కమాండ్‌కి కాసేపైనా టేబుల్ మీద పూర్తి లాక్ కావాలి. అప్పటికే ఏదైనా పెద్ద క్వెరీ నడుస్తుంటే మీ ఆల్టర్ దాని వెనక నిలబడుతుంది, మీ వెనక సైట్ ట్రాఫిక్ అంతా నిలబడుతుంది. లాక్ టైమౌట్ చిన్నది పెట్టి రన్ చెయ్యండి, దొరక్కపోతే ఫెయిల్ అయ్యి మళ్ళీ ట్రై చేసుకోవచ్చు.

ఇంకొకటి, వాళ్ళ కోడ్‌లో ఎవరూ వాడటంలేదు అనిపించిన పాత ఫ్లాగో (ఫీచర్‌ని ఆన్ ఆఫ్ చేసే స్విచ్) ఫీల్డో కనపడితే దాన్నే మళ్ళీ వాడేద్దాం అనే ఆలోచన రానివ్వకండి. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీలో సరిగ్గా ఇదే అయ్యింది, 2003లోనే వాడకం మానేసిన పవర్ పెగ్ అనే ఫంక్షన్ కోడ్ ఇంకా లోపలే ఉంది, దాన్ని ఆన్ చేసే ఫ్లాగ్‌నే కొత్త ఫీచర్‌కి వాడారు, ఎనిమిది సర్వర్లలో ఒకదాంట్లో కొత్త కోడ్ పడలేదు, ఆ ఒక్క సర్వర్‌లో ఫ్లాగ్ ఆన్ అవ్వగానే తొమ్మిదేళ్ళుగా వాడని కోడ్ లేచి కూర్చుంది. ముప్పావుగంటలో 40 కోట్ల డాలర్లకి పైన పోయాయి. సర్వీసుల మధ్య డేటా పంపడానికి వాడే ప్రోటోబఫ్ ఫార్మాట్‌లో తీసేసిన ఫీల్డ్ నంబర్‌ని రిజర్వ్‌డ్ అని రాసి పెట్టి మళ్ళీ వాడొద్దు అనేది కూడా ఇలాంటి భయంతోనే. కొత్త పనికి కొత్త పేరే పెట్టండి, పేర్లకేం కరువు లేదు.

పీఆర్ ఎలా ఉండాలి

చిన్నగా ఉండాలి, ఒక్క పని చెయ్యాలి. మన ఉదాహరణలో అయితే ల్యాండ్‌మార్క్‌ని మినహాయించి హ్యాష్ కట్టేలా మార్చి పాత హ్యాష్‌లు అలాగే వస్తున్నాయని టెస్ట్ పెట్టడం ఒక పీఆర్. నల్ ఒప్పుకునే కాలమ్ కలపడం రెండోది. ఫీల్డ్‌ని రాయడం చదవడం ఫ్లాగ్ వెనక పెట్టి, ఫ్లాగ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంచి పంపడం మూడోది. ఒక్కోదాన్నీ విడిగా డిప్లాయ్ చెయ్యొచ్చు, విడిగా వెనక్కి తియ్యొచ్చు, రివ్యూ చేసే మనిషి టీ తాగేలోపు ఒకటి చదివెయ్యొచ్చు.

వాళ్ళ స్టైల్‌లోనే రాయండి. వాళ్ళ వేరియబుల్ పేర్లు మీకు నచ్చకపోవచ్చు, వాళ్ళు ఎక్సెప్షన్లు వాడే చోట మీరైతే ఎర్రర్ కోడ్ వాడేవాళ్ళేమో, అవన్నీ పక్కన పెట్టండి. మీ ఎడిటర్ సేవ్ చెయ్యగానే ఫైల్ మొత్తం ఫార్మాట్ చేస్తుంటే ఆ రెపో వరకు దాన్ని ఆఫ్ చెయ్యండి, లేకపోతే మీ ఎనిమిది లైన్ల మార్పు నాలుగు వందల లైన్ల డిఫ్‌లో మునిగిపోతుంది. పక్కనే ఉన్న స్పెల్లింగ్ తప్పో పాత కామెంటో సరిచెయ్యాలని చెయ్యి లాగితే అది వేరే పీఆర్‌లో, వాళ్ళు కావాలంటేనే.

డిస్క్రిప్షన్ దగ్గర పిసినారితనం వద్దు. ఎందుకు కావాలి, ఏం మార్చారు, కావాలనే ఏం మార్చలేదు, ఎలా టెస్ట్ చేశారు, తేడా వస్తే ఎలా ఆపాలి, ఎవర్ని పిలవాలి. ఆఖరి రెండూ చాలామంది రాయరు, నా లెక్కలో అవే అన్నిటికన్నా ముఖ్యం. "ల్యాండ్‌మార్క్ ఫ్లాగ్ ఆఫ్ చేస్తే చాలు, కాలమ్ అలాగే ఉన్నా నష్టం లేదు, డేటా తుడవాల్సిన పని లేదు, డెలివరీ ఆన్‌కాల్‌ని పిలవండి" అని రెండు లైన్లు ఉంటే అర్ధరాత్రి అలర్ట్ చూసిన మనిషికి ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఈ మధ్య ఏఐ టూల్స్‌తో పది నిమిషాల్లో పీఆర్ తయారైపోతోంది, తెలీని భాషలో ఉన్న రెపో అయినా సరే. రాయడం తేలికైంది గానీ చదివేవాళ్ళ కష్టం ఇసుమంత కూడా తగ్గలేదు, పైగా పెరిగింది. పక్క టీమ్‌కి పంపే ముందు ప్రతి లైన్ ఎందుకు ఉందో మీరు నోటితో చెప్పగలగాలి, చెప్పలేని లైన్ ఉంటే తీసెయ్యండి లేదా అర్థం అయ్యేదాకా ఆగండి. వాళ్ళు ప్రశ్న అడిగితే దాన్ని తీసుకెళ్ళి టూల్‌కి ఇచ్చి దాని జవాబు ఇక్కడ పేస్ట్ చెయ్యడం మాత్రం దయచేసి వద్దు, అవతల ఒక మనిషి తన పని ఆపి మీ కోసం చదువుతున్నాడు.

రివ్యూ నడిచేటప్పుడు

వాళ్ళ ఇష్టాలకి సంబంధించిన కామెంట్లు, పేర్లు, ఫైల్ ఎక్కడ పెట్టాలి లాంటివి, వాదించకుండా మార్చెయ్యండి. కరెక్ట్‌నెస్ గురించి తేడా వస్తే మాత్రం తగ్గకండి, గౌరవంగానే టెస్ట్ రాసి చూపించండి, మాటల కన్నా ఫెయిల్ అయ్యే టెస్ట్ బాగా మాట్లాడుతుంది. కామెంట్ల యుద్ధం మూడో రౌండ్ దాటితే పావుగంట కాల్ పెట్టుకోండి, ఆ కాల్‌లో తేలింది మళ్ళీ పీఆర్‌లో రాయండి, లేకపోతే రేపు ఇంకో రివ్యూయర్ వచ్చి అదే ప్రశ్న వేస్తాడు.

రిప్లై రాకపోతే రెండు పని దినాలు ఆగి పీఆర్ కిందే గుర్తు చెయ్యండి, తర్వాత టీమ్ ఛానల్‌లో, ఆ వారం రివ్యూ డ్యూటీ ఎవరిదో అడిగి. అప్పటికీ కదలకపోతే మేనేజర్ దగ్గరికి వెళ్ళొచ్చు, తప్పేం కాదు, కానీ ముందు వాళ్ళకే చెప్పి వెళ్ళండి, "అన్నా, మాకు 20న లాంచ్ ఉంది, మీకు టైమ్ కుదరట్లేదని అర్థమైంది, మా మేనేజర్ మీ మేనేజర్‌తో ప్రయారిటీ మాట్లాడతారు, మీ మీద కంప్లైంట్ కాదు" అని. కాలేజీ ఫ్రెండ్ ఆ టీమ్‌లో ఉన్నాడని చాటుగా అప్రూవల్ కొట్టించుకునే పని మాత్రం పెట్టుకోకండి, అది బయటపడిన రోజు మీ ఇద్దరి మాటా చెల్లదు.

వాళ్ళు వద్దంటే

వద్దనడానికి వాళ్ళకి హక్కు ఉంది, చాలాసార్లు కారణం కూడా ఉంటుంది. అడగండి, ఆ ఫీల్డ్ వద్దా, ఇప్పుడు వద్దా, ఈ చోట వద్దా అని, మూడూ వేరు వేరు. ఈ చోట వద్దు అంటే ఒక హుక్‌లాంటిది అడగొచ్చు, అడ్రస్‌కి టీమ్‌లు తమ సొంత వివరాలు తగిలించుకునే ఏర్పాటు, అది వాళ్ళకీ మేలే, రేపు ఇంకో టీమ్ ఫ్లోర్ నంబర్ కావాలని వస్తే మళ్ళీ ఈ గోల ఉండదు. ఇప్పుడు వద్దు అంటే ముందే చెప్పిన రెండో దారి, మీ దగ్గరే దాచుకోవడం. వాళ్ళ కోడ్ కాపీ కొట్టి మీ రెపోలో సొంత వెర్షన్ నడపడం మాత్రం ఆఖరి ఆఖరి దారి, మొదటి నెల స్వర్గంలా ఉంటుంది, ఆ తర్వాత వాళ్ళు చేసే ప్రతి సెక్యూరిటీ ఫిక్స్‌ని మీరు చేత్తో తెచ్చుకోవాలి, అది ఎవరూ తెచ్చుకోరు.

మెర్జ్ అయ్యాక

డిప్లాయ్ టైమ్ వాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి, రెండు వైపులా మనుషులు మెలకువగా ఉండే టైమ్, ఎండాకాలంలో మన రాత్రి ఎనిమిదిన్నర అంటే పసిఫిక్ కోస్ట్‌లో పొద్దున ఎనిమిది. శుక్రవారం వద్దు, మన శుక్రవారం రాత్రి వాళ్ళ శుక్రవారం పొద్దునే గదా అనుకుంటారు, కానీ తేడా వస్తే శనివారం తెల్లారుజామున మేలుకుని ఉండాల్సింది మీరు. నవంబర్ చివర్లో థ్యాంక్స్‌గివింగ్‌కి చాలా చోట్ల కొత్త కోడ్ పెట్టనివ్వని ఫ్రీజ్ ఉంటుంది, మనకి దసరా బతుకమ్మ రోజుల్లో సగం టీమ్ ఊళ్ళకి పోతుంది, ఈ రెండూ క్యాలెండర్‌లో ముందే చూసుకోండి.

ఫ్లాగ్‌ని మొదట కొద్ది శాతం ట్రాఫిక్‌కి ఆన్ చేసి వాళ్ళ డాష్‌బోర్డ్ పక్కన పెట్టుకుని కూర్చోండి, మీది కాదు వాళ్ళది. మన ఉదాహరణలో చూడాల్సిన గ్రాఫ్ ల్యాండ్‌మార్క్ ఎంతమంది నింపారన్నది కాదు, గంటకి ఎన్ని కొత్త అడ్రస్‌లు తయారవుతున్నాయి అన్నది, అది ఉన్నట్టుండి పైకి లేస్తే హ్యాష్ తప్పినట్టే. వాళ్ళ రన్‌బుక్‌లో (తేడా వస్తే ఏం చెయ్యాలో రాసుకునే డాక్యుమెంట్) ఒక పేరా రాసి పెట్టండి. మొదటి కొన్ని వారాలు ఆ ఫీల్డ్ మీద వచ్చే బగ్ ఏదైనా మీరే అడిగి తీసుకోండి, అది మీ కోడ్ వల్ల కాకపోయినా సరే, ఎలాగూ చూస్తే తెలుస్తుంది. రెపో ఎలా బిల్డ్ చెయ్యాలో కనుక్కోవడానికి మీరు పడ్డ తంటాలు, ఏ జావా వెర్షన్ కావాలి, లోకల్‌లో టెస్టులు ఎలా నడుస్తాయి, అవి వాళ్ళ రీడ్‌మీలో చేర్చి ఇంకో చిన్న పీఆర్ పెట్టండి, దీనికి ఎవరూ వద్దనరు.

చివరగా ఫ్లాగ్. వంద శాతం అయ్యి నెల గడిచాక ఆ ఫ్లాగ్‌నీ ఆఫ్‌లో ఉన్నప్పటి పాత కోడ్‌నీ తీసేసే పీఆర్ కూడా మీదే, దానికి టికెట్ మొదటి రోజే డేట్ వేసి మీ టీమ్ బోర్డ్‌లో పెట్టుకోండి, వాళ్ళ బోర్డ్‌లో కాదు.